సీడీ డ్రైవ్ లేదు, ఐఎస్ఓ ఫైల్ ఉంది: మింట్ ఎక్కించేదెలా?

మారతహళ్ళి_కుర్రాడు:
ఎస్పీ రోడ్డులో కొన్న పాత ల్యాప్‌టాప్. 4 జీబీ ర్యామ్, 320 జీబీ హార్డ్ డిస్క్, విండోస్ 10. సీడీ డ్రైవ్ పనిచేయదు. లైనక్స్ మింట్ (విండోస్‌లాంటి ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్) తేలికైన రకం, ఎక్స్‌ఎఫ్‌సీఈ ఐఎస్ఓ దించి 8 జీబీ పెన్‌డ్రైవ్‌లోకి కాపీ చేశా. రీస్టార్ట్ చేస్తే విండోసే వస్తోంది. విండోస్ ఉంచుకుని పక్కన మింట్ కావాలి. దారి చెప్పండన్నా.

మడివాళ_మామ:
కాపీ చేస్తే బూట్ అవదు తమ్ముడూ. ఐఎస్ఓ అంటే మొత్తం డిస్కుకి తీసిన అచ్చు. దాన్ని మామూలు ఫైల్‌లా పడేస్తే పెన్‌డ్రైవ్‌కి బూట్ సెక్టార్ రాదు. రూఫస్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌తో రాయాలి. పెన్‌డ్రైవ్‌లో ఉన్నదంతా పోతుంది, చూసుకో.

ముందు కమాండ్ ప్రాంప్ట్‌లో సర్ట్‌యుటిల్ కమాండ్‌తో ఫైల్ షా256 (ఫైల్ సరిగా దిగిందో చెప్పే గుర్తు) తీసి, మింట్ సైట్‌లో ఇచ్చిన దానితో పోల్చు. ఒక్క అక్షరం తేడా ఉన్నా మళ్ళీ దించుకో. ఇన్‌స్టాల్ సగంలో స్క్వాష్‌ఎఫ్‌ఎస్ (ఐఎస్ఓలోని కుదించిన ఫైల్) ఎర్రర్ వచ్చిందంటే ఫైలైనా పాడై ఉంటుంది, పెన్‌డ్రైవైనా.

తర్వాత విండోస్ కీ, ఆర్ కలిపి నొక్కి, ఎంఎస్‌ఇన్ఫో32 అని కొట్టి 'బయాస్ మోడ్' వరుస చూడు. లెగసీ (పాత బూట్ పద్ధతి) ఐతే రూఫస్‌లో పార్టిషన్ పద్ధతి ఎంబీఆర్, యూఈఎఫ్ఐ (కొత్తది) ఐతే జీపీటీ ఎంచుకో. విండోస్ ఏ మోడ్‌లో ఉందో మింట్‌నూ అదే మోడ్‌లో ఎక్కించాలి. లేకపోతే తర్వాత గ్రబ్ మెనూలో (ఏ సిస్టమ్ కావాలో అడిగే తెర) విండోస్ కనపడక కంగారు పడతావు. ఐఎస్ఓ మోడా, డీడీ మోడా అని రూఫస్ అడిగితే మొదట ఐఎస్ఓ మోడే. డీడీ వాడాల్సి వస్తే, ఆ తర్వాత విండోస్ 'ఫార్మాట్ చేయమంటారా' అంటుంది, క్యాన్సిల్ కొట్టు.

మారతహళ్ళి_కుర్రాడు:
లెగసీ అని వచ్చింది. ఎంబీఆర్‌తో రాశా. ఆన్ చేస్తూ ఎఫ్12 నొక్కితే వచ్చే బూట్ లిస్టులో పెన్‌డ్రైవే లేదు.

రిచీస్ట్రీట్_రిపేర్లు:
మెషీన్ ఆఫ్‌లో ఉండగానే పెన్‌డ్రైవ్ గుచ్చి, అప్పుడు ఆన్ చేయండి. నీలం పోర్టు వద్దు, నల్లది వాడండి. పాత బయాస్‌లు కొన్ని యూఎస్‌బీ 3 పోర్టు నుంచి బూట్ చేయలేవు. అప్పటికీ రాకపోతే బయాస్ సెటప్‌లో 'హార్డ్ డిస్క్ డ్రైవ్స్' లిస్టు తెరవండి. చాలా పాత మెషీన్లలో పెన్‌డ్రైవ్ 'రిమూవబుల్' కింద కాకుండా అక్కడ దాక్కుంటుంది, దాన్ని పైకి జరపాలి.

ఏదీ కుదరకపోతే పెన్‌డ్రైవ్ లేకుండానే చేయొచ్చు. ఐఎస్ఓని డీ డ్రైవ్‌లో పెట్టి, గ్రబ్2విన్ అనే విండోస్ సాఫ్ట్‌వేర్‌తో లూప్‌బ్యాక్ ఎంట్రీ (ఐఎస్ఓనే డిస్కులా తెరిచే మెనూ వరుస) రాసి, కెర్నల్ వరుసలో ఐసో-స్కాన్ ఫైల్‌నేమ్ ఆప్షన్‌తో ఆ ఫైల్ దారి ఇవ్వాలి. ఐఎస్ఓ తెరిచి క్యాస్పర్ ఫోల్డర్‌లో ఇనిట్‌ఆర్‌డీ (బూట్‌కి కావాల్సిన ఫైల్) పేరు చివర ఏముందో చూసి అలాగే రాయండి, ఎక్కువమంది అక్కడే తప్పుతారు. ఇంకో చిక్కు: ఐఎస్ఓ ఉన్న పార్టిషన్ వాడకంలో ఉంటుంది కాబట్టి ఇన్‌స్టాలర్ డిస్కు పట్టికను మార్చలేదు. టెర్మినల్‌లో ఐసోడివైస్ ఫోల్డర్‌ని ఎల్‌ఆర్‌ఎఫ్ ఆప్షన్లతో అన్‌మౌంట్ చేసి (వాడకం నుంచి విడిపించి) ముందుకెళ్ళాలి. ఇంత తంటా ఎందుకు, పెన్‌డ్రైవ్ దారే మేలు.

మడివాళ_మామ:
మింట్‌కి జాగా చేసే ముందు రెండు పనులు. పవర్ ఆప్షన్స్‌లో ఫాస్ట్ స్టార్టప్ తీసెయ్, తర్వాత పూర్తిగా షట్‌డౌన్ చెయ్. లేకపోతే ఎన్‌టీఎఫ్‌ఎస్ (విండోస్ డ్రైవ్ ఫార్మాట్) సగం నిద్రలో ఉండి, ఇన్‌స్టాలర్‌ని తాకనివ్వదు. రెండోది, డిస్క్ మేనేజ్‌మెంట్‌లో ప్రైమరీ పార్టిషన్లు లెక్కపెట్టు. ఎంబీఆర్‌లో నాలుగే కుదురుతాయి. నాలుగూ నిండి ఉంటే ఖాళీ చేసిన 40 జీబీ చేతికి రాదు. విండోస్ 'డైనమిక్ డిస్కుగా మార్చనా' అంటే ఒప్పుకోకు, ఇన్‌స్టాలర్ ఆ డిస్కుని సరిగా చదవలేదు. అవసరం లేని ఒక పార్టిషన్ బ్యాకప్ తీసి తొలగించు, ఆ జాగాలో ఎక్స్‌టెండెడ్ పార్టిషన్ (లోపల ఇంకా భాగాలు పట్టేది) చేసి, అందులో లాజికల్ పార్టిషన్‌గా మింట్ పెట్టు. 20 జీబీ కనీసం, 40 ఐతే ఇబ్బంది ఉండదు.

మారతహళ్ళి_కుర్రాడు:
నల్ల పోర్టులో వచ్చింది! మూడే ప్రైమరీలు ఉన్నాయి, బతికిపోయా. మింట్ లేచింది కానీ వైఫై నెట్‌వర్కులే కనపడవు.

రిచీస్ట్రీట్_రిపేర్లు:
బ్రాడ్‌కామ్ చిప్ అయ్యుండొచ్చు. ఫోన్ కేబుల్‌తో కలిపి యూఎస్‌బీ టెథరింగ్ ఆన్ చేయండి, నెట్ వెంటనే వస్తుంది. తర్వాత డ్రైవర్ మేనేజర్ తెరిచి అది చూపించే డ్రైవర్ వేసి రీస్టార్ట్ చేయండి.