13 జట్లకు ఆడిన ఇష్ స్మిత్: నేరుగా చూసినవాళ్లు ఎవరైనా ఉన్నారా?

షార్లెట్_శీను
అమెరికా బాస్కెట్‌బాల్ లీగ్ ఎన్‌బీఏలో అందరికంటే ఎక్కువ జట్లకు ఆడిన రికార్డు ఇష్ స్మిత్‌ది. 13 జట్లు. అతని కంటే ముందు చక్కీ బ్రౌన్, జిమ్ జాక్సన్, టోనీ మాసెన్‌బర్గ్, జో స్మిత్ తలా 12 దగ్గర ఆగిపోయారు. హ్యూస్టన్, మెంఫిస్, గోల్డెన్ స్టేట్, ఓర్లాండో, మిల్వాకీ, ఫీనిక్స్, ఓక్లహోమా సిటీ, ఫిలడెల్ఫియా, న్యూ ఓర్లీన్స్, డెట్రాయిట్, వాషింగ్టన్, షార్లెట్, డెన్వర్. మనవాళ్లు లేని ఊరు ఇందులో ఒక్కటైనా ఉందా? ఇలాంటి పాయింట్ గార్డ్ (బంతి నడిపిస్తూ మిగతావాళ్లని ఆడించేవాడు) హైలైట్స్‌లో కనిపించడు. అందుకే స్టేడియంలో చూసినవాళ్లని అడుగుతున్నా. స్టాట్స్ నెట్‌లో దొరుకుతాయి, అవి వద్దు.

నా వంతు ముందు రాసేస్తా. అతను పుట్టింది ఇక్కడే షార్లెట్‌లో, పెరిగింది పక్కనే కాన్‌కార్డ్‌లో. విన్‌స్టన్-సేలంలోని వేక్ ఫారెస్ట్ యూనివర్సిటీకి నాలుగేళ్లు ఆడాడు. 2010లో కాలేజీ జట్ల ఎన్‌సీఏఏ టోర్నమెంట్‌లో టెక్సస్ మీద ఓవర్‌టైమ్‌లో 81-80తో గెలిచిన మ్యాచ్‌లో చివరి బాస్కెట్ ఇతనిదే. అయినా ఆ ఏడాది డ్రాఫ్ట్‌లో (ఎన్‌బీఏ జట్లు వంతులవారీగా కొత్త ఆటగాళ్లను ఎంచుకునే కార్యక్రమం) 60 పేర్లు పిలిచారు, అతని పేరు పిలవలేదు. సొంతూరి జట్టు హార్నెట్స్‌కు ఆడే రోజు 2021లో గానీ రాలేదు. ఆ సీజన్‌లో అతను సబ్‌గా దిగినప్పుడల్లా పై వరసల్లో కూర్చున్న మాకు ఒక్కటే తేడా తెలిసేది: ఆట వేగం ఒక్కసారిగా పెరిగేది.

కేటీ_కిరణ్
హ్యూస్టన్ నుంచి హాజరు. అతని మొదటి జట్టు మాదే. 2010లో ఇక్కడ ఆరన్ బ్రూక్స్, కైల్ లౌరీ ఇద్దరూ ఉన్నారు. మూడో పాయింట్ గార్డ్‌కి చోటెక్కడ? బ్రూక్స్ కాలు బెణికాక దిగాడు. చూడ్డానికి సన్నగా, ఆరడుగులు, బంతి చేతిలో ఉండగా కూడా మిగతావాళ్లు ఖాళీగా పరిగెత్తేంత వేగం. అదే సీజన్లో ఫిబ్రవరిలో షేన్ బాటియేతో కలిపి మెంఫిస్‌కు పంపేశారు, హషీమ్ తబీత్ ఇటొచ్చాడు. మా ఆఫీసులో రోజంతా బాటియే గురించే చర్చ. ఇష్ స్మిత్ అన్న పేరు ఎవరూ ఎత్తలేదు.

ఆ తర్వాతవి కూడా చూడండి. 2013లో ఓర్లాండో నుంచి మిల్వాకీకి వెళ్లాడు, హెడ్‌లైన్ జేజే రెడిక్. అదే ఏడాది మిల్వాకీ నుంచి ఫీనిక్స్‌కు, హెడ్‌లైన్ క్యారన్ బట్లర్. 2022 ఫిబ్రవరిలో షార్లెట్ నుంచి వాషింగ్టన్‌కు, హెడ్‌లైన్ మాంట్రెజ్ హారెల్. కొన్ని నెలలకే డెన్వర్‌కు, హెడ్‌లైన్ కాల్డ్‌వెల్-పోప్. ప్రతి బేరంలోనూ ఇతను కొసరే.

మిడ్‌రేంజ్_మూర్తి
అందరూ ఎమోషనల్ అయ్యే ముందు ఒక మాట. 13 జట్లు తీసుకున్నాయంటే దాదాపు అన్ని జట్లూ వదిలేశాయనే కదా అర్థం? కారణం కూడా అందరికీ తెలుసు. మూడు పాయింట్ల షాట్ లేదు. స్క్రీన్ పెడితే (సహచరుడు అడ్డంగా నిలబడితే) డిఫెండర్ దాని వెనక నుంచి తీరిగ్గా వచ్చేస్తాడు, ఎందుకంటే ఇతను దూరం నుంచి వేస్తే భయం లేదు. 2012 తర్వాత లీగ్ మొత్తం మూడు పాయింట్ల వైపు పరిగెడుతుంటే ఇతను ఫ్రీ త్రో లైన్ దగ్గర ఆగి రెండు పాయింట్లు వేసుకుంటూ ఉన్నాడు.

ఫిల్లీ_పద్మ
మూర్తి గారూ, మీరు 2015 డిసెంబర్‌లో మా ఊళ్లో ఉండాల్సింది. మా ఫిలడెల్ఫియా జట్టు సిక్సర్స్ 31 మ్యాచ్‌లు ఆడి ఒక్కటి గెలిచింది. కావాలనే ఓడిపోతున్నారని అందరికీ తెలుసు, డ్రాఫ్ట్‌లో మంచి పిక్ కోసం, అంటే కొత్త ఆటగాణ్ని ముందుగా ఎంచుకునే వంతు కోసం. మా ఆయన సీజన్ టికెట్లు పంచుకుని కొన్నాడు, ఇంట్లో గొడవలు వేరే.

సరిగ్గా క్రిస్మస్ ముందు రోజు న్యూ ఓర్లీన్స్‌కు రెండు సెకండ్ రౌండ్ పిక్‌లిచ్చి ఇతన్ని తెచ్చుకున్నారు. అంతకుముందు సీజన్ చివర్లో ఇక్కడే ఆడాడు, వెళ్లనిచ్చి మళ్లీ కొనుక్కున్నారన్నమాట. పైన కిరణ్ గారు రాసిన కొసరు బేరాలకు ఇదొక్కటే మినహాయింపు. ఇందులో ఇంకెవరి పేరూ లేదు, ఇతని కోసమే బేరం. వచ్చిన తొలి మ్యాచ్ పాత జట్టు ఫీనిక్స్ మీద, వాళ్ల కోర్టులోనే. గెలిచాం.

ఆ సీజన్ 10 గెలుపులు, 72 ఓటములతో ముగిసింది. లెక్కేసుకోండి, ఇతను వచ్చాక 51లో 9. అదేం గొప్ప అంటారేమో. నేరుగా చూసినవాళ్లకి తేడా గెలుపుల్లో కాదు, ఆటలో కనిపించింది. అంతకుముందు మా పొడుగు కుర్రాళ్లు ఓకఫర్, నోయెల్ ఇద్దరూ పోస్టులో (బాస్కెట్ దగ్గర) చెయ్యెత్తి నిలబడితే బంతి ఆలస్యంగా వచ్చేది, లేదా మోకాళ్ల దగ్గరికి వచ్చేది. ఇతను వచ్చాక నోయెల్ గాల్లోకి లేచేసరికి బంతి అక్కడ ఉండేది. పిల్లల జట్టుకి ఒక పెద్ద దిక్కు వచ్చినట్టయింది, అప్పటికి అతనికి 27 ఏళ్లే అయినా. మ్యాచ్‌కి 15కు దగ్గరగా పాయింట్లు, 7 అసిస్టులు (బాస్కెట్‌గా మారిన పాస్‌లు). స్టాట్స్ వద్దన్నారు గానీ శీను గారూ, ఇది రాయకుండా ఉండలేకపోయాను.

క్యాప్‌షీట్_రాజు
జట్లు వదిలేశాయి అనే మాటలో సగమే నిజం. క్యాప్ (జట్టు జీతాలకు లీగ్ పెట్టిన పరిమితి) దాటిన జట్టు ట్రేడ్ (ఆటగాళ్ల మార్పిడి) చెయ్యాలంటే పంపే జీతాలు, వచ్చే జీతాలు దాదాపు సరిపోవాలి. పెద్ద జీతాల మధ్య తేడా పూడ్చడానికి చిన్న కాంట్రాక్టు ఒకటి కావాలి. అదే సమయంలో అవతలి జట్టుకి ‘ఇతనొస్తే నష్టం లేదు’ అనిపించాలి. ఇష్ స్మిత్ రెండింటికీ సరిపోయాడు. పనికిరానివాణ్ని కొసరుగా కూడా ఎవరూ తీసుకోరు, నేరుగా వెయివ్ చేస్తారు, అంటే జట్టులోంచి తీసేస్తారు.

ఇంకో విషయం. గ్యారంటీ లేని కాంట్రాక్టులు జనవరి 10న గ్యారంటీ అవుతాయి. దానికి ముందు రోజుల్లో ఎంతమందిని పీకేస్తారో గమనించండి. జనవరి 5 నుంచి 10 రోజుల కాంట్రాక్టులు మొదలవుతాయి. ఒకే జట్టు ఒక సీజన్‌లో ఒకరికి అలాంటివి రెండే ఇవ్వగలదు, ఆపైన సీజన్ చివరిదాకా ఉంచుకోవాలి, లేదా పంపెయ్యాలి. బయటి నుంచి మనకి వ్యాపారంలా కనిపిస్తుంది. ఆ అంచున ఉన్నవాడికి జనవరి మొత్తం టెన్షనే.

జెర్సీసిటీ_జావా
అచ్చం మన కన్సల్టెన్సీ లైఫ్. కొత్త క్లయింటు, కొత్త ఊరు, ప్రాజెక్టు అయిపోతే బెంచ్.

కేటీ_కిరణ్
బెంచ్ మీద కూర్చున్నా వాళ్లకి జీతం పడుతుంది గురూ.

నోవై_నాగేశ్వరరావు
డెట్రాయిట్ గురించి ఎవరూ రాయలేదు కాబట్టి నేనే రాస్తున్నా. అతను ఎక్కువ కాలం ఉన్నది మా దగ్గరే. 2016 వేసవిలో మూడేళ్లకు 1.8 కోట్ల డాలర్ల కాంట్రాక్టు. ఆరేళ్లు ఊళ్లు తిరిగిన మనిషికి మొదటిసారి ఇల్లు చూసుకునేంత కాలం దొరికింది. తీసుకున్నది అప్పటి మా కోచ్ స్టాన్ వాన్ గండీ. అతను అంతకుముందు ఓర్లాండోలో కోచ్‌గా ఉన్నప్పుడు ఇష్ అక్కడ ఆడాడు. జర్నీమన్ (జట్టు నుంచి జట్టుకు తిరిగే ఆటగాడు) కెరీర్ నడిచేది ఇలాగే. ఒక ఊళ్లో మూడు నెలలు మర్యాదగా పనిచేస్తే ఆ కోచ్ నాలుగేళ్ల తర్వాత ఇంకో ఊరి నుంచి ఫోన్ చేస్తాడు.

వచ్చీ రాగానే మా మొదటి పాయింట్ గార్డ్ రెజీ జాక్సన్‌కి మోకాలు సమస్య. బ్యాకప్‌గా వచ్చినవాడు సీజన్ మొదటి రోజే స్టార్టర్, అంటే మొదట దిగే ఐదుగురిలో ఒకడు. మేం ఆబర్న్ హిల్స్ ప్యాలెస్‌లో చూసేవాళ్లం, అప్పటికి జట్టు డౌన్‌టౌన్‌కి మారలేదు. నేను గమనించింది ఒకటే: ప్రత్యర్థి ఫ్రీ త్రో వేస్తున్నప్పుడు ఇతను ఎప్పుడూ ఊరికే నిలబడడు. మా సెంటర్ డ్రమండ్ దగ్గరికి వెళ్లి ఏదో చెబుతాడు, చెయ్యి చూపిస్తాడు, ఇంకొకడి దగ్గరికి వెళ్తాడు. ఫ్రీ త్రో పడిందో లేదో, బంతితో అవతలి కొసకు చేరిపోతాడు. జాక్సన్ ఆడితే ఆట నిదానం, షూటింగ్ ఎక్కువ. ఇతను ఆడితే వేగం, పాస్‌లు. మా కారులో తిరుగు ప్రయాణంలో రోజూ ఇదే వాదన, ఎవరు స్టార్టర్‌గా ఉండాలని. నా ఓటు జాక్సన్‌కే, ఆ మాటా చెప్పాలి. మ్యాచ్ చివర్లో షాట్ కావాలంటే ఇష్ మీద ఆశ పెట్టుకోలేం. 2019లో ప్లేఆఫ్స్‌కు (సీజన్ చివరి నాకౌట్ దశకు) వెళ్లాం, మిల్వాకీ 4-0తో ఇంటికి పంపింది, దాని గురించి మాట్లాడను.

వరంగల్_వన్‌గార్డ్
నేను ఇండియాలోనే ఉంటా, పొద్దున్నే ఫోన్లో చూస్తా. యూనివర్సిటీ స్థాయిలో పాయింట్ గార్డ్‌గా ఆడాను. మన దగ్గర ఊళ్లల్లో టోర్నమెంట్లకి బయటి నుంచి గెస్ట్ ప్లేయర్లని పిలుస్తారు కదా, అలా కొన్ని జట్లకి వెళ్లాను. అందుకే ఇష్ స్మిత్ ఆటంటే నాకు ప్రత్యేకం.

వేరే పొజిషన్ వాళ్లకి కొత్త జట్టులో పెద్ద ఇబ్బంది ఉండదు. రీబౌండ్ ఎక్కడైనా రీబౌండే. పాయింట్ గార్డ్ అయితే మిగతా నలుగురి పనీ తెలియాలి. ఒకే ఆటకి ఈ జట్టులో ఒక పేరు, ఆ జట్టులో ఇంకో పేరు, చేతి సైగలు వేరు. సెంటర్‌కి బంతి ఛాతీ దగ్గర కావాలా, తల పైన కావాలా? ఫలానా షూటర్‌కి కుడి మూల ఇష్టమా, ఎడమ మూలా? ఇవన్నీ ప్రాక్టీసులో నేర్చుకుంటారు. సీజన్ మధ్యలో ట్రేడ్ అయినవాడికి ప్రాక్టీసు దొరకదు, విమానం దిగి నేరుగా మ్యాచ్‌కి. క్రిస్మస్ ముందు రోజు ట్రేడ్ అయి, మర్నాడు కాక ఆ మర్నాడే ఫీనిక్స్‌లో ఆడి గెలిచాడని పద్మ గారు రాస్తే చాలామంది చదివి దాటేసి ఉంటారు. నాకు మాత్రం ఇష్ కెరీర్ మొత్తంలో అంతకంటే కష్టమైనది కనిపించదు.

క్యాప్‌షీట్_రాజు
ఇలాంటి గార్డుల కథల్లో ఆంథొనీ కార్టర్‌ది వేరే లెవెల్. 2003లో మయామీలో ఇంకో ఏడాది ఉండే హక్కు అతనికి ఉంది, 41 లక్షల డాలర్లు. ఆ ఉత్తరం జట్టుకి గడువులోగా పంపాల్సింది ఏజెంట్. పంపలేదు. డబ్బు పోయింది, కార్టర్ కనీస జీతానికి శాన్ ఆంటోనియోలో చేరాడు. మయామీకి అనుకోకుండా క్యాప్‌లో చోటు దొరికి లామార్ ఓడమ్‌ను తీసుకుంది, మరుసటి ఏడాది ఓడమ్, బట్లర్, గ్రాంట్‌లను ఇచ్చి షకీల్ ఓ'నీల్‌ను తెచ్చుకుంది, 2006లో టైటిల్ గెలిచింది. ఒక ఉత్తరం!

డెన్వర్_దుర్గ
2022-23లో మేం ఇక్కడే ఉన్నాం. జమాల్ మర్రీ మోకాలి ఆపరేషన్ తర్వాత తిరిగొచ్చిన సీజన్. ఇష్‌ని అనుభవం కోసం ఉంచుకున్నారు. ఫిబ్రవరిలో ఎవరొచ్చారో తెలుసా నాగేశ్వరరావు గారూ? మీ రెజీ జాక్సనే! డెట్రాయిట్‌లో ఒకరి చోటు ఒకరు ఆడినవాళ్లు ఇక్కడ పక్కపక్కన కూర్చున్నారు. ప్లేఆఫ్స్ వచ్చేసరికి బ్యాకప్‌గా బంతి నడిపే పని బ్రూస్ బ్రౌన్‌కి ఇచ్చారు, ఇద్దరికీ నిమిషాలు దాదాపు లేవు.

ఆ బెంచ్ మీదే డియాండ్రే జోర్డన్. 2011 డిసెంబర్‌లో గోల్డెన్ స్టేట్ ఇతనికి ఆఫర్ ఇవ్వడానికి జీతాల్లో చోటు కావాలని జెరెమీ లిన్‌ను తీసేసింది. లిన్ కూడా 2010 డ్రాఫ్ట్‌లో పిలుపు రానివాడే. రెండు నెలలకి న్యూయార్క్‌లో రాత్రికి రాత్రే స్టార్ అయిపోవడం ప్రపంచమంతా చూసింది. అదే సీజన్‌లో గోల్డెన్ స్టేట్ తరఫున కొన్నాళ్లు ఆడిన ఇష్‌కి అలాంటి నెల ఒక్కటీ రాలేదు.

2023 జూన్ 12న ఫైనల్స్‌లో మయామీ మీద ఐదో మ్యాచ్ గెలిచి టైటిల్ కొట్టాక టీవీలో అందరూ మా స్టార్ యోకిచ్‌నే చూపించారు. ఇష్ స్మిత్‌కి కూడా రింగ్ (టైటిల్ గెలిచినవాళ్లకిచ్చే ఉంగరం) వచ్చింది. విచిత్రం ఏంటంటే అతని కెరీర్‌లో అత్యధిక స్కోరు 32, అది 2020 జనవరిలో వాషింగ్టన్ తరఫున మా డెన్వర్ మీదే కొట్టాడు.

షార్లెట్_శీను
రింగ్ తర్వాత మళ్లీ హార్నెట్స్‌కే వచ్చాడు, 2023-24. జట్టు ఘోరంగా ఆడింది, అతను మాత్రం కుర్రాళ్లని పక్కకి పిలిచి ఏదో ఒకటి చెబుతూనే కనిపించేవాడు.

మిడ్‌రేంజ్_మూర్తి
ఆ 32 మ్యాచ్ రీప్లే వెతికి చూశాను. ఎక్కువ భాగం ఫ్రీ త్రో లైన్ చుట్టుపక్కల నుంచే. అన్ని చోట్లా ఎవరో ఒకరికి పనికొచ్చాడు, అది ఒప్పుకుంటున్నా. షూటింగ్ సంగతి మాత్రం ఒప్పుకోను.