సమస్య: “పాపి గెలిచె నీతిపరుఁడె యోడె”

నిర్వాహకుడు: ఆటవెలది పద్యానికి నాలుగో పాదం ఇచ్చాం, మిగతా మూడూ మీరు పూరించాలి. బేసి పాదాల్లో మూడు సూర్యగణాలు (మూడు మాత్రల అక్షర గుంపులు), రెండు ఇంద్రగణాలు (నాలుగైదు మాత్రలవి). సరి పాదాల్లో ఐదూ సూర్యగణాలే. నాలుగో గణం మొదట యతి, అంటే పాదం మొదటి అక్షరంతో హల్లూ అచ్చూ పొసగే అక్షరం. విషయం: కృప వల్ల దేవునితో సమాధానం (రోమా 5:1–2). గెలిచిన పాపి ఎవరో, ఓడిన నీతిపరుడు ఎవరో పద్యంలోనే తేలాలి.

ద్రాక్షావల్లి:
ఉపవసించితి నని యొక్కఁడు గర్వించె,
ఎదను బాదికొనుచు నేడ్చె నొకఁడు;
కరుణమాత్ర మడుగఁ గర్తయే మన్నింప
పాపి గెలిచె నీతిపరుఁడె యోడె.

ఛందోభిమాని: గణయతులు చక్కగా కుదిరాయి. లూకా 18లో యేసు చెప్పిన ఉపమానంలో పరిసయ్యుడు (ధర్మశాస్త్ర నిష్ఠాపరుడు) వారానికి రెండుసార్లు ఉపవాసం, రాబడి అంతటిలో పదోవంతు అంటాడు. అది అబద్ధమని యేసు అనలేదు. అందుకే ‘నీతిపరుఁడె’ అన్న మాటకు బలం వచ్చింది. అయితే సుంకరి (పన్ను వసూలుదారు) ఏడ్చాడని లూకా 18:13లో లేదు. దూరంగా నిలిచాడు, కన్నులెత్తలేదు, రొమ్ము కొట్టుకున్నాడు. ఏడుపు చేరిస్తే కన్నీళ్ళకే క్షమాపణ దొరికినట్టు ధ్వనిస్తుంది. రెండో పాదం “దవ్వునందు నొకఁడు తలను వంచె” అంటే మూలానికి దగ్గర. ద–త యతి కూడా చెల్లుతుంది.

గుడారం:
సిలువమీఁద దొంగ సేవ లెన్నఁడు సేసె?
తలఁచు మనిన నేఁడె తనను గూడి
పరమునందు నుందు వని యేసు పలుకఁగా
పాపి గెలిచె నీతిపరుఁడె యోడె.

ఛందోభిమాని: పద్యం హాయిగా నడిచింది, పూరణ మాత్రం సగమే. ఓడిన నీతిపరుడేడీ? యేసును దూషించిన రెండో దొంగ ఆ లెక్కలోకి రాడు.

ఒలీవకొమ్మ:
తిరిగి వచ్చి కొడుకు తీర్చుకొనఁగఁ దప్పు,
ఘనత విడిచి శాంతిఁ గొనియె నతఁడు;
విధులు లెక్కఁబెట్టి వేఱొక్కఁ డలిగెను;
పాపి గెలిచె నీతిపరుఁడె యోడె.

ఛందోభిమాని: మూడో పాదంలో తప్పిపోయిన కొడుకు ఉపమానంలోని పెద్దకొడుకు కళ్ళకు కట్టాడు, భేష్. రెండో పాదంలో యతి తప్పింది: ఘకు గ మిత్రమే గాని అకారానికి ఒకారం పొసగదు. అంతకన్నా పెద్ద చిక్కు మొదటి పాదంలోని ‘తీర్చుకొనఁగ’. కూలివాడిగా పెట్టుకోమని అడగాలనుకున్న కొడుకు ఆ మాట అనకముందే తండ్రి ప్రశస్త వస్త్రం తెమ్మన్నాడు (లూకా 15:19–22). తీర్చడానికి వ్యవధి ఎక్కడిది? ఇలా మార్చి చూడండి:
చెడిన కొడుకు మఱలఁ జేర్చె నక్కునఁ దండ్రి,
ఘనత విడువ శాంతి గలిగెఁ గృపను;

గుడారం: మరి క్రియలు లేని విశ్వాసం మృతం అన్నాడుగా యాకోబు తన పత్రికలో (2:26)?

ఛందోభిమాని: ఎఫెసీ 2:8–10 వరుసగా చదవండి. రక్షణ క్రియల వల్ల కలగలేదు; సత్క్రియలు దాని వెనక వస్తాయి. పద్యంలో ఆ వరుస తారుమారైతే పరిసయ్యుడే గెలుస్తాడు. ఒలీవకొమ్మ గారూ, ఇంకొకటి: పెద్దకొడుకు చివరికి లోపలికి వెళ్ళాడో లేదో లూకా 15 చెప్పదు, ‘యోడె’ అనడానికి, పరిసయ్యుడు కాదు సుంకరే నీతిమంతుడిగా తీర్పు పొందాడనే 18:14 ఇంకా గట్టి ఆధారం.