‘ఉప్పు’ పక్కన కామా ఉందా?

కొత్తకలం: వేమన పద్యం, “ఉప్పు, కప్పురంబు నొక్క పోలికనుండు”. ఉప్పు పక్కన కామా చూసినట్టు గుర్తు. మీ దగ్గరున్న ప్రతుల్లో ఉందా అండీ? నా కథలో “అమ్మా, నాన్నా, తమ్ముడూ వచ్చారు” అని రాస్తే ఎడిటర్ గారు కామాలు తీసేశారు. దీర్ఘం ఉంటే కామా అక్కర్లేదట. అప్పట్నుంచి ఈ పాదం వదలట్లేదు.

ఛందోప్రియ: కామా సంగతి తర్వాత, ముందు ఆ “నొ” చూడండి. ప్రథమా విభక్తిలో ద్రుతం, అంటే మాట చివర చేరే నకారం, రాదు కదా. కప్పురంబు + ఒక్క అయితే “కప్పురంబొక్క” కావాలి. కాబట్టి ఇది కప్పురంబును + ఒక్క. సముచ్చయం, అంటే “ఉప్పూ కప్పురమూ” అని కలపడం. కామా పని ఆ “ను” చేసేసింది. ఎడిటర్ గారు చెప్పిందే రైటు.

పాతపంతులు: సముచ్చయమైతే “ఉప్పును” అని కూడా ఉండాలి కదండీ? ఉప్పు కప్పురంబు ద్వంద్వ సమాసమే. “ను” ఛందస్సులో గణం సరిపోవడం కోసం వచ్చింది.

ఛందోప్రియ: గణం కోసం అక్షరం అతికించే కవి కాదు మాస్టారూ వేమన. ఒకచోట “ను” ఉండి ఇంకోచోట లోపించడం పద్యాల్లో మామూలే.

తాటాకు: తాళపత్రాల్లో మాటకీ మాటకీ మధ్య ఎడమే ఉండదు, ఇక కామా ఎక్కడిది? బ్రౌన్ 1829లో వేమన పద్యాలు అచ్చు వేయించాడు. ఈ గుర్తులన్నీ అచ్చుతో వచ్చినవే. చిన్నయసూరి బాలవ్యాకరణం పది పరిచ్ఛేదాలూ తిరగేయండి, కామాకి సూత్రం దొరకదు.

కృష్ణాతీరం: అసలు కామా కావాల్సింది మకుటంలో. “విశ్వదాభిరామ, వినుర వేమ” అని విరిస్తే అభిరాముడు వేరే మనిషి అవుతాడు. విరవకపోతే అది వేమనకే విశేషణం. వేమనకి అభిరామయ్య అనే స్నేహితుడు ఉన్నాడన్న కథంతా ఆ విరుపు మీదే ఉంది. నా మటుకు విరవకుండా చదివితేనే పద్యం నిండుగా ఉంటుంది.

ఛందోప్రియ: అక్కడ వి–వి యతి ఉంది. విరామం దానంతటదే వస్తుంది.

పాతపంతులు: యతి అంటే విరామం అన్నది సంస్కృతం మాట. మనకది అక్షరమైత్రి, అంటే పాదం మొదటి అక్షరానికి యతిస్థానంలో అక్షరం జత కుదరడం. మీ “నొ” దగ్గరే యతి సంధి మధ్యలో పడింది, అక్కడ ఆగి చదవగలరా?

ప్రూఫ్‌అక్క: కొత్తకలం గారూ, దీర్ఘం సంబోధనకీ వస్తుంది. “అమ్మా, నాన్న వచ్చాడు” అంటే అమ్మకి చెబుతున్నాం. “అమ్మా నాన్నా వచ్చారు” అంటే ఇద్దరూ వచ్చారు. పిలుపు తర్వాత కామా తప్పకుండా పెట్టండి, దీర్ఘాలతో కలిపిన పేర్ల మధ్య వదిలేయండి. మీ వాక్యంలో కామాలుంటే “తమ్ముడూ” దగ్గర పాఠకుడు పిలుపనుకుంటాడు. “అని” ముందు కూడా కామా వద్దు.

కొత్తకలం: మరి “వచ్చి, తిని, పడుకున్నాడు”లో?

ప్రూఫ్‌అక్క: పనులు చిన్నవైతే వద్దు. ఒక్కో పనికీ కర్మా విశేషణాలూ చేరి పొడుగైతే పెట్టండి.

ఛందోప్రియ: మాస్టారూ, ద్వంద్వమైతే “ఉప్పుకప్పురంబులు” అని బహువచనం రావాలి కదా? “ఉండు” ఏకవచనమని చూపించకండి, అమహత్తులో, అంటే ఉప్పూ కప్పురమూ లాంటి వస్తువుల పేర్లతో, అది రెండు వచనాలకీ ఒకటే.