అటక మీద దొరికిన సీలు సీసా: ఇన్‌స్పెక్టరు మనకే ఎందుకిచ్చినట్టు?

మూడులాంతర్ల మనవరాలు:
విజయనగరంలో మా తాతగారికి చిన్న కాఫీ హోటలు ఉండేది. మొన్న అటక దులుపుతుంటే ట్రంకుపెట్టెలో చిన్న సీసా దొరికింది. మూతకి లక్క సీలు, మెడకి పురికొస, అడుగున తారులా గట్టిపడిన నూనె. చుట్టిన కాగితం మీద తాతగారి సంతకం ఒక్కటే గుర్తుపట్టగలిగాను. "అది ఇన్‌స్పెక్టరు ఇచ్చిందే, సీలు తియ్యకు, కేసవుతుంది" అంటుంది మామ్మ, ఇప్పటికీ! తనిఖీకొచ్చినవాళ్లు శాంపిల్ పట్టుకుపోవాలి గానీ మనకిచ్చి పోవడమేమిటి? ఏ కాలం నాటిదో తెలుస్తుందా?

నాగావళి గట్టు:
మామూలు ముట్టి ఉంటే సీసా దాకా వచ్చేదే కాదు. మీ తాతగారు గట్టివారే.

రిటైర్డ్ ఫుడ్ ఇన్‌స్పెక్టర్, శ్రీకాకుళం:
గట్టు బాబూ, అందరినీ ఒకే గాట కట్టకు.

అమ్మా, ఆ సీసా మీ తాతగారి వాటా. కల్తీ నిరోధక చట్టం 1954లో వచ్చింది, 1955 జూన్ 1 నుంచి అమలు. అప్పట్లో శాంపిల్‌ని మూడు భాగాలు చేసి ఒకటి పబ్లిక్ ఎనలిస్టుకి, అంటే పరీక్ష చేసే సర్కారు నిపుణుడికి పంపి, ఒకటి ఇన్‌స్పెక్టరు దగ్గర ఉంచుకుని, మూడోది అమ్మినవాళ్లకే ఇచ్చేవారు. ఎనలిస్టు రిపోర్టు తప్పనిపిస్తే కోర్టు ద్వారా ఆ మూడో భాగాన్ని సెంట్రల్ ల్యాబుకి పంపించుకోవచ్చు. 1976 సవరణతో ఆ పద్ధతి పోయింది, మిగతా రెండు భాగాలూ లోకల్ హెల్త్ అథారిటీకే, అంటే ఆ ప్రాంతపు ఆరోగ్యాధికారికే. కాబట్టి మీ సీసా అంతకుముందుదే.

నేను చేరింది ఆ తర్వాత. సరుకు ఊరికే తీసుకోకూడదు, ధర కట్టి రసీదు రాయించుకోవాలి. పాల సీసాలో ఫార్మలిన్ చుక్కలు వెయ్యకపోతే ల్యాబుకి చేరేలోపే విరిగిపోయేవి. అన్నిటికన్నా టెన్షన్ సాక్షి సంతకం. అప్పటిదాకా చోద్యం చూస్తున్నవాళ్లు పెన్ను తియ్యగానే మాయం! రేపు పొద్దున్న అదే హోటల్లో టీ తాగాలి కదా మరి.

2011 ఆగస్టు 5 నుంచి కొత్త చట్టం, ఇప్పుడు నాలుగు భాగాలు.

మూడులాంతర్ల మనవరాలు:
చాలా థాంక్సండీ. మామ్మకి చదివి వినిపించాను. నూనెకి డబ్బులిస్తే తాతగారు వద్దన్నారట, ఇన్‌స్పెక్టరు బతిమాలి మరీ చేతిలో పెట్టాడట. ఆ రసీదు సంగతి ఇన్నాళ్లకి అర్థమైందంది. ఇంతకీ సీలు తియ్యొచ్చా?

రిటైర్డ్ ఫుడ్ ఇన్‌స్పెక్టర్, శ్రీకాకుళం:
ఇప్పుడు కేసేమీ కాదు. కాకపోతే పెరట్లో తియ్యమ్మా, ఆ కంపు ఇంట్లోంచి వారానికి గానీ వదలదు.