ఇంట్లో ఒకరికి బీపీ ఉంటే అందరికీ చప్పటి కూరేనా?

హన్మకొండ_బిడ్డ:
మా అమ్మకు 54 ఏళ్లు. బీపీ ముందునుంచీ ఉంది, షుగర్ ఈ ఏడాదే మొదలైంది. ఉప్పు, నూనె తగ్గించకపోతే గుండె మీదికి వస్తుందని డాక్టర్ గట్టిగానే చెప్పాడు. అమ్మ తగ్గించింది కూడా. నాలుగో రోజు నాన్న కంచం పక్కకు జరిపి "ఇదేం దవాఖాన తిండి" అన్నాడు. అప్పటినుంచి అందరికీ ఎప్పటిలాగే వండి, తనకు మాత్రం పోపు వేయకముందే గరిటెడు పప్పు గిన్నెలోకి తీసుకునేది. అది కూడా వారం రోజుల ముచ్చటే అయింది. ఇంటికంతా ఒకటే చప్పటి వంటా, అమ్మకు వేరే వంటా? "రోగం ఒకరికి, శిక్ష అందరికా" అని మా అన్న వాదన.

కాజీపేట_క్వార్టర్స్:
మీ అన్న అన్నదాంట్లో తప్పేముంది చెల్లె? మా నాయనమ్మ మామిడికాయ తొక్కు లేకుండా ముద్ద ముట్టేది కాదు. ఎనభై దాటి బతికింది. ఇప్పుడు ప్రతి ముద్దకూ లెక్కే. ఆ టెన్షన్‌తోనే సగం రోగాలు.

జమ్మికుంట_వదిన:
అన్నా, మీ నాయనమ్మ తొక్కుతో ఏం తిన్నదో కూడా చెప్పండి. జొన్న గటక తిని, పొద్దంతా నాట్లు వేసి ఉంటుంది. మనకు ఆమె తొక్కు మిగిలింది, నాట్లు మిగల్లేదు.

బిడ్డా, నీ ప్రశ్నలో ఒకటి మర్చిపోయావు. మీ అమ్మ ఎప్పుడు తింటుంది? నా సంగతి చెప్తా. అందరూ తిని లేచేసరికి గిన్నెలో కూర ఉండదు. ఒక్కదాని కోసం మళ్లీ పొయ్యి ఎవరు వెలిగిస్తారని అన్నంలో రెండు చెంచాల తొక్కు కలుపుకుని తినేస్తా. కూరలో ఉప్పు తగ్గించింది నేనే, ఇంట్లో అందరికన్నా ఎక్కువ ఉప్పు తిన్నదీ నేనే! ఇంక శనివారం ఒక్కపొద్దు. పొద్దంతా రెండు చాయ్‌లు, రాత్రికి కడుపు నిండా పులిహోర. ఉపవాసం ఉన్నా కదా, ఒంటికి మంచిదే అనుకునేదాన్ని. మనకు ఆరోగ్యం అంటే తక్కువ తినడం, సరిగ్గా తినడం కాదు.

మెట్‌పల్లి_తమ్ముడు:
వదినా, మా అవ్వదీ ఇదే కథ. బీడీలు చుడుతుంది. వెయ్యి అయ్యేదాకా చేట ఒళ్లోంచి దిగదు. మధ్యాహ్నం తిండి అంటే చాయ్, రెండు బిస్కెట్లు. కూర్చున్న చోటే పొద్దు గడుస్తుంది, ముక్కు నిండా తంబాకు పొడి. ఆమెకు వెళ్లి ఓట్స్ తిను, సలాడ్ తిను అంటే నవ్వుతుంది. తిండి మీద ధ్యాస పెట్టే తీరిక ఉండాలి కదా ముందు.

కాజీపేట_క్వార్టర్స్:
అదే నేననేది. ఇవన్నీ తీరిక ఉన్నవాళ్ల ముచ్చట్లు. అయినా గుండెపోటు ఎక్కువ మగవాళ్లకే కదా?

వరంగల్_స్టాఫ్‌నర్స్:
ఈ మాటతోనే చిక్కు అన్నా. నెలసరి ఆగేదాకా ఆడవాళ్లకు కొంత రక్షణ ఉంటుంది. ఆ తర్వాత చెడు కొలెస్ట్రాల్, బీపీ రెండూ పైకి పోతాయి. షుగర్ ఉంటే మగవాళ్ల కంటే ఆడవాళ్ల గుండెకే దెబ్బ ఎక్కువ. కడుపుతో ఉన్నప్పుడు బీపీగానీ షుగర్‌గానీ వచ్చినవాళ్లకు ముందుముందు ముప్పు పెరుగుతుంది. కాన్పు అయ్యాక ఆ సంగతి ఎవరూ గుర్తుపెట్టుకోరు.

పైగా ఆడవాళ్లకు ఛాతీనొప్పితో పాటు ఆయాసం, వాంతి, దవడలోనో వీపులోనో నొప్పి, ఎన్నడూ లేని నీరసం కూడా రావచ్చు. గ్యాస్ అనుకుని సోడా తాగి, వంట ముగించి, అంట్లు తోమి మరీ వచ్చిన ఆమెను చూశాను. చెమటతో రవిక తడిసిపోయింది. "రాత్రి వంకాయ తిన్నా, అదే అనుకున్నా" అంది.

ఉప్పుకు ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క మనిషికి రోజుకు 5 గ్రాముల లోపు, అంటే చిన్న చెంచాడు. తొక్కు, అప్పడం, మిక్చర్ అన్నీ అందులోనే. బీపీ లేనివాళ్లకూ అదే లెక్క. కాబట్టి ఇది మీ నాన్నకు, అన్నకు శిక్ష కాదు.

కాజీపేట_క్వార్టర్స్:
షాపులో సోడియం తక్కువ ఉప్పు దొరుకుతుందట. అది తెస్తే గొడవే లేదుగా?

వరంగల్_స్టాఫ్‌నర్స్:
అందులో పొటాషియం ఉంటుంది. కిడ్నీ సమస్య ఉన్నవాళ్లకు, కొన్ని రకాల బీపీ మాత్రలు వేసుకునేవాళ్లకు ప్రమాదం. డాక్టర్‌ను అడగకుండా వద్దు.

జమ్మికుంట_వదిన:
ఒక్కసారే చప్పగా వండితే ఎవరైనా కంచం జరుపుతారు బిడ్డా. వారానికి కొంచెం కొంచెం తగ్గించు, రెండు నెలల్లో నాలుకే అలవాటు పడుతుంది. మా ఇంట్లో చెప్పకుండానే తగ్గించా, ఎవరూ కనిపెట్టలేదు. పచ్చిపులుసులో చింతపండు కొంచెం చిక్కగా పిసికి, ఉల్లిగడ్డ, కొత్తిమీర దండిగా వేస్తే ఉప్పు లోటు తెలియదు. ఇంకొకటి, సంక్రాంతికి సకినాలు కాల్చిన నూనె. పారబోయడానికి నాకూ చేయి రాదు, నెలంతా కూరల్లోకే వాడేదాన్ని. మళ్లీ మళ్లీ కాగిన నూనె మంచిది కాదని తెలిశాక మూకుట్లో నూనె తక్కువ పోసి కాలుస్తున్నా.

మెట్‌పల్లి_తమ్ముడు:
చెప్పకుండా తగ్గించుడు నాకు నచ్చలేదు వదినా. మోసం అని కాదు. నాన్నకు తెలియకుండా చేస్తే, రేపు తెలిసిన రోజు మళ్లీ అమ్మ మీదే అరుస్తాడు. ఆమె కోసం అని తెలిసి తింటేనే నిలబడుతుంది.

హన్మకొండ_బిడ్డ:
అందరికీ థాంక్స్. తమ్ముడు అన్నట్టు నాన్నకు చెప్పే చేశాను. నర్సక్క లెక్క పట్టుకుని కూర్చున్నా. నలుగురికి రోజుకు 20 గ్రాములు, అంటే కిలో ప్యాకెట్ 50 రోజులు రావాలి. కొత్త ప్యాకెట్ మీద పెన్నుతో తేదీ రాసి పెట్టా. 27వ రోజుకే అయిపోయింది, తొక్కు లెక్క అందులో లేదు. ఖాళీ ప్యాకెట్ నాన్న ముందు పెట్టా. కాసేపు తేదీనే చూశాడు. "మజ్జిగలో ఉప్పు నేను మానేస్తా, కూర మాత్రం మరీ చప్పగా వద్దు" అన్నాడు.

అన్న ఇంకా ఒప్పుకోలేదు. కానీ నిన్న రాత్రి అమ్మను కూడా మాతోపాటే కూర్చోబెట్టాం. కూర మిగలకపోవడం ఏమిటో వాడికి నిన్న తెలిసింది. తొక్కు జాడీ కోసం లేచింది వాడే.