కోపిష్ఠి డిటెక్టివ్‌ను పాఠకులు ఎందుకు భరించలేకపోతారు?

ప్రశ్న: మలక్‌పేట నుంచి

నేను హైదరాబాద్ నేపథ్యంలో ఒక నేర పరిశోధన నవల రాస్తున్నాను. కథానాయకుడు ఇన్‌స్పెక్టర్, తెలివైనవాడు, లంచం ముట్టనివాడు, అయితే కోపం ముక్కు మీదే ఉంటుంది. చిత్తుప్రతి చదివిన మిత్రులు కథ బాగుందన్నారు గాని, అతని మీద ఇష్టం కలగలేదన్నారు. వారికి నచ్చని సన్నివేశం మూడో అధ్యాయంలో ఉంది. రక్తపు మరకల నివేదిక కోసం అతడు రెడ్‌హిల్స్‌లోని ఫోరెన్సిక్ ల్యాబొరేటరీకి వెళ్తాడు. అది ఇంకా సిద్ధం కాలేదని చెప్పిన గుమాస్తా చేతిలోంచి రిజిస్టర్ లాగి నేలకేసి కొడతాడు. గుమాస్తా వంగి, ఊడిపోయిన కాగితాలు ఏరుకుంటుండగా అధ్యాయం ముగుస్తుంది. చనిపోయిన అమ్మాయి తండ్రి రోజూ స్టేషన్ మెట్ల మీద వచ్చి కూర్చుంటున్నాడు కనుక ఆ కోపం సహజమేనని నా ఉద్దేశం. కోపమే అతణ్ణి పాఠకులకు దూరం చేస్తోందా? అది తీసేస్తే అతనిలో ఇంకేమీ మిగలదేమోనని కూడా భయంగా ఉంది.

జవాబు: చిక్కడపల్లి పాఠకుడు

కోపాన్ని తీసేయకండి. అది ఎవరి మీద పడుతోందో మాత్రం చూడండి. రాష్ట్రంలోని ఎన్నో స్టేషన్ల నుంచి నమూనాలు వచ్చి చేరే చోట, కౌంటర్ దగ్గర కూర్చున్న మనిషి తన చేతిలో లేని నివేదికను ఎలా తెచ్చివ్వగలడు? పైగా అతడు ఇన్‌స్పెక్టర్‌కు ఎదురు చెప్పగలిగిన స్థితిలో లేడు. ఇదే కథానాయకుడు, కేసు త్వరగా మూసేయమని డీసీపీ ఆదేశించినప్పుడు చేతులు కట్టుకుని నిలబడితే, పాఠకుడు ఆ తేడాను వెంటనే పట్టుకుంటాడు. కింది వాళ్ల మీద మాత్రమే లేచే కోపాన్ని మన వాళ్లు నిత్యం ఆఫీసుల్లో చూస్తూనే ఉంటారు, దాన్ని నవలలో చూసి మెచ్చుకోరు.

ఇంకో మాట. అధ్యాయం చివర మీరు చూపించింది ఇన్‌స్పెక్టర్‌ను కాదు, కాగితాలు ఏరుకుంటున్న గుమాస్తాను. అంటే పాఠకుడి జాలిని మీరే అతనికి అప్పగించారు. సినిమాలో అయితే రౌడీ మీద చెయ్యి పడగానే ఈలలు పడతాయి, దెబ్బ తిన్నవాడి ముఖం చూసేలోపే దృశ్యం మారిపోతుంది. ఒంటరిగా కూర్చుని చదివేవాడికి ఆ ముఖాన్ని చూడటానికి కావలసినంత సమయం ఉంటుంది.

జవాబు: నాంపల్లి న్యాయవాది

నేను క్రిమినల్ కేసులు వాదిస్తాను, కాబట్టి నా అభ్యంతరం మరొకటి. మన కథల్లో డిటెక్టివ్ కోపానికి ఎవరూ మూల్యం చెల్లించరు. నిందితుణ్ణి నాలుగు తగిలిస్తే నిజం కక్కేస్తాడు, కేసు తేలిపోతుంది. కోర్టులో అలా జరగదు. పోలీసు అధికారి ముందు చేసిన నేరాంగీకారం సాక్ష్యంగా చెల్లదు. 1872 నాటి సాక్ష్య చట్టంలోని 25వ సెక్షన్ చెప్పిన ఈ మాటనే, 2024 జులై 1 నుంచి అమలులో ఉన్న భారతీయ సాక్ష్య అధినియమ్ 23వ సెక్షన్‌లోనూ ఉంచారు. నిందితుడు ఇచ్చిన సమాచారంతో వస్తువేదైనా దొరికితే, ఆ మేరకే అతని మాటకు విలువ ఉంటుంది. అరెస్టు చేసిన వ్యక్తికి వైద్య పరీక్ష చేయించాలి, ప్రయాణ సమయం పోను 24 గంటల్లో మేజిస్ట్రేట్ ముందు హాజరుపరచాలి. స్టేషన్లలో, లాకప్‌లతో సహా, సీసీ కెమెరాలు పెట్టాలని సుప్రీంకోర్టు 2020 డిసెంబరులో ఆదేశించింది. మీ ఇన్‌స్పెక్టర్ చెయ్యి చేసుకుంటే అది ఇన్ని చోట్ల బయటపడే అవకాశం ఉంది.

ఒక ఉదాహరణ ఇస్తాను. కత్తి దొరికిన చోట పంచనామా రాయించేటప్పుడు, సాక్షి సంతకం కోసం పక్కనున్న పాన్‌షాపు యజమానిని అతడు నలుగురిలో కసిరి పిలిచాడనుకోండి. విచారణకు వచ్చేసరికి ఆ మనిషి బోనులో నిలబడి, "సంతకం నాదేనండి, కాగితం మాత్రం ఖాళీగా ఉండె," అంటాడు. అక్కడ పాఠకుడు ఇన్‌స్పెక్టర్‌ను అసహ్యించుకోడు, అయ్యో అనుకుంటాడు.

జవాబు: సైనిక్‌పురి పాఠకురాలు

ఇద్దరి మాటలూ బాగున్నాయి గాని, మన వాళ్లు కోపిష్ఠి పోలీసును ఇష్టపడరన్న అంచనాతో నేను ఏకీభవించలేను. 2019 డిసెంబరులో, పశువైద్యురాలి అత్యాచారం, హత్య కేసులోని నలుగురు నిందితులు చటాన్‌పల్లి దగ్గర పోలీసు కాల్పుల్లో చనిపోయిన రోజు, జనం పోలీసుల మీద పూలు చల్లారు. వారిని చంపాలన్న ఉద్దేశంతోనే కాల్చారని సుప్రీంకోర్టు నియమించిన కమిషన్ నివేదిక 2022లో బయటికి వచ్చింది. కోపం మనదే అయినప్పుడు దాన్ని మనం ప్రశ్నించలేదు. అందుకే, రచయిత గారూ, పాఠకులకు అతడు నచ్చాడా లేదా అన్నదాన్ని మీరు కొలబద్దగా పెట్టుకోవద్దని నా మనవి. నచ్చేలా రాయడం చాలా తేలిక. ఎదుట ఒక దుర్మార్గుణ్ణి నిలబెడితే చాలు.

నన్ను పేజీ తిప్పించేది అతడి చూపు. కోపంలో ఉన్నప్పుడు అతడు ఏది గమనించలేకపోయాడు, చల్లబడ్డాక దాన్ని ఎలా కనిపెట్టాడు అన్నది చూపించండి. అతని కోపానికి కారణంగా చనిపోయిన భార్యనో చెల్లెలినో గతంలోంచి మాత్రం తీసుకురావద్దు. ఆ మెట్ల మీది తండ్రి చాలు.

ప్రశ్న అడిగినవారు

ముగ్గురికీ కృతజ్ఞతలు. న్యాయవాది గారూ, పాన్‌షాపు యజమాని అలా ఎదురు తిరిగితే కత్తి స్వాధీనం చేసుకోవడమే చెల్లకుండా పోతుందా? అలాగైతే నా కథ అక్కడే ఆగిపోతుంది.

జవాబు: నాంపల్లి న్యాయవాది

పోదండి. పంచులు, అంటే పంచనామా మీద సంతకం చేసిన సాక్షులు, హోస్టైల్ అయినా (ఎదురు తిరిగినా), దర్యాప్తు అధికారి వాంగ్మూలం నమ్మదగినదిగా ఉంటే కోర్టు దాని మీద ఆధారపడవచ్చు. అయితే అప్పుడు బరువంతా మీ ఇన్‌స్పెక్టర్ ఒక్కడి మాట మీదే పడుతుంది. క్రాస్ ఎగ్జామినేషన్‌లో డిఫెన్స్ లాయరు చేసే మొదటి పని, అతణ్ణి రెచ్చగొట్టడం.