సముద్రపు గాలి తగిలే వరండాకి చుట్టూ అద్దాలా, దోమల జాలీయా?

చూరుకింద:
మా ఇంటి నుంచి సముద్రానికి నడిచి వెళ్లిపోవచ్చు, అంత దగ్గర. వెనకవైపు 12 అడుగుల పొడవు, 8 అడుగుల వెడల్పు వరండా ఉంది. మూడు వైపులా తెరిచే ఉంటుంది. వాన పడితే జల్లు కొట్టి కుర్చీలు తడుస్తాయి. వాన లేని రోజు బల్ల మీద చెయ్యి వేస్తే జిడ్డుగా తగులుతుంది. చుట్టూ అద్దాలు పెట్టించి సన్‌రూమ్ చేసేద్దామని ఇంట్లో పట్టు పట్టారు. చూడటానికి వచ్చిన ఇద్దరిలో ఒకాయన "మొత్తం మూసేయండి, చీమ కూడా దూరదు" అన్నారు. రెండో ఆయన "మూస్తే బూజు ఖాయం, జాలీ వేయించుకోండి" అని వెళ్లిపోయారు. ఇక్కడ అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి.

ఉప్పుగాలి:
మూయకండి. నేను మూసి అనుభవించాను కాబట్టి చెబుతున్నా.

మొదటి నాలుగైదు నెలలు బ్రహ్మాండంగా ఉంది. పొద్దున్నే అక్కడే కూర్చునేవాళ్లం. వానాకాలం మొదలైన మూడో వారంలో కేన్ కుర్చీ తిరగేస్తే అడుగంతా పచ్చగా, నూగుగా బూజు. అలమరలో పుస్తకాలు ఒకదానికొకటి అంటుకుపోయాయి. వీటన్నిటికంటే నన్ను బాధపెట్టింది వేరే ఉంది. ఆ వరండా వైపు మా పడకగది కిటికీ ఉంది. ఆ గదికి గాలి వచ్చేదంతా అక్కడి నుంచేనని, వరండా మూసేదాకా మాకు తెలియలేదు. ఇప్పుడు వరండాతో పాటు పడకగది కూడా ముక్కవాసన వేస్తోంది.

జరిపే కిటికీల పట్టాలు ఒకసారి చూడండి, ఎవరింట్లోనైనా. మావాటిలో తెల్లటి పొడి, దాని కింద నల్లటి బురద, అందులో నిలిచిన నీళ్లు. ఆ నీళ్లు బయటికి పోవడానికి ఫ్రేము అడుగున అగ్గిపుల్ల దూరేంత కంతలు ఉంటాయట. రెండేళ్ల తర్వాత వేరే పనివాడు వచ్చి చూపిస్తే తెలిసింది. అన్నీ పూడిపోయి ఉన్నాయి.

కిటికీల_పని:
ఉప్పుగాలి గారూ, మీ బాధ నిజమే కానీ తప్పు అద్దాలది కాదు. నేను చేసేదే ఈ పని. సముద్రం దగ్గర పాడైపోయిన సన్‌రూమ్‌లలో ఎక్కువభాగం చవక ఫ్రేముల వల్ల, అంతకంటే చవక స్క్రూల వల్ల పాడవుతాయి.

అల్యూమినియం ఫ్రేముకి మామూలు ఇనప స్క్రూ బిగిస్తారు. రెండు లోహాలు, మధ్యలో ఉప్పునీరు. ఇంకేం కావాలి? స్క్రూ చుట్టూ అల్యూమినియం తెల్లగా ఉబ్బి పొడిపొడిగా రాలుతుంది. స్టెయిన్‌లెస్ స్టీల్ వేశామని అంటారు, అది 304 రకం అయితే సముద్రపు గాలికి టీ మరకల్లాంటి గోధుమ చారలు వస్తాయి. 316 అడగాలి. అందులో మాలిబ్డినమ్ 2 నుంచి 3 శాతం ఉంటుంది, ఉప్పుకి తట్టుకునేది దాని వల్లే. అల్యూమినియంతో కలిసే చోట నైలాన్ వాషర్ వేయాలి. ఫ్రేముకి అనోడైజింగ్ (అల్యూమినియం మీద తెప్పించే రక్షణ పొర) అయితే దాని మందం 25 మైక్రాన్లకి తగ్గకూడదు.

ఇంకొకటి. సిలికాన్ పూసేటప్పుడు వెనిగర్ లాంటి ఘాటు వాసన వచ్చిందా, ఆపించేయండి. అది ఆమ్లం వదిలే రకం, లోహాన్ని తినేస్తుంది, సిమెంటుకి సరిగా అంటుకోదు. న్యూట్రల్ రకం వాడాలి. ఇవన్నీ సరిగా చేస్తే అద్దాలకి నేను పూచీ. జల్లు ఆగుతుంది, దుమ్ము ఆగుతుంది, దోమలు ఆగుతాయి. ఎండకి గది వేడెక్కి తేమ కూడా ఆరిపోతుంది.

లెక్కల_మాస్టారు:
చివరి మాట దగ్గర ఆగాలి. ఎండకి గది వేడెక్కినప్పుడు తేమ శాతం తగ్గుతుంది, నిజమే. అయితే నీరు ఎటూ పోలేదు, గాలిలోనే ఉంది. చెక్కలోంచి, గుడ్డల్లోంచి, గచ్చులోంచి లేచిన తేమ అంతా మూసిన గదిలోనే ఉండి, రాత్రి చల్లబడగానే అద్దాల మీద చెమటగా దిగుతుంది. పొద్దున మళ్లీ లేస్తుంది. కొత్త గాలి రాకపోతే ఇదే తంతు.

చిన్న లెక్క చెబుతాను. 12 x 8 అడుగుల గది, 9 అడుగుల ఎత్తు అంటే సుమారు 24 ఘనపు మీటర్లు. 26 డిగ్రీల దగ్గర గాలి పూర్తిగా తేమతో నిండితే ఘనపు మీటరుకి 24 గ్రాముల నీరు పడుతుంది. గది మొత్తానికి 600 గ్రాములు కూడా లేదు. ఒక వాయి ఉతికిన బట్టలు ఆరేస్తే తేలిగ్గా లీటరు దాటుతుంది. మిగతా నీరు ఎక్కడికి పోతుందో మీరే ఆలోచించండి.

ఇక ఉప్పు సంగతి. గాలిలో తేమ 75 శాతం దాటితే ఉప్పు తనంతట తానే నీరు పీల్చుకుని కరగడం మొదలుపెడుతుంది. వాన లేకపోయినా బల్ల జిడ్డుగా తగలడానికి కారణం అదే. గది మూసినా తలుపు తీసినప్పుడల్లా ఉప్పు లోపలికి వస్తూనే ఉంటుంది. బయట ఉన్నదాన్ని వాన కడిగేస్తుంది, లోపలి దాన్ని మనమే కడగాలి.

కిటికీల_పని:
మాస్టారూ, ఒప్పుకున్నాను. దానికే కదా ఏసీ ఉంది. లేదా డీహ్యూమిడిఫయర్ పెట్టుకోవచ్చు.

లెక్కల_మాస్టారు:
మామూలు అద్దం ఎండలోని వేడిలో ఐదింట నాలుగు వంతులు లోపలికి వదిలేస్తుంది. అంటే మధ్యాహ్నం ఏసీ పోరాడేది సూర్యుడితో! డీహ్యూమిడిఫయర్ తేమ లాగుతుంది కానీ, అది తాగిన కరెంటంతా వేడిగా మారి అదే గదిలోకి వస్తుంది. బయట 30 డిగ్రీలు, 80 శాతం తేమ ఉన్నప్పుడు, 26 డిగ్రీలకి దిగిన ఏ వస్తువు మీదైనా నీరు కడుతుంది. ఏసీతో 22కి చల్లబరిచిన గది తలుపు అలాంటి రోజున తీసి పెడితే టైల్స్ మీద కాలు జారుతుంది. ఏసీ పెడితే పూర్తి గదిలా కట్టుకుని రోజూ నడపాలి. వారానికి ఒకరోజు నడిపే ఏసీ ఈ గదికి పనికిరాదు.

మొక్కల_పిచ్చి:
మాకు అద్దాల గది ఉంది, బాగుంది, బూజు లేదు. సముద్రం పక్కనే. అందరూ భయపెట్టేస్తున్నారని రాస్తున్నా. మాది రెండు ఎదురెదురు గోడల్లో పైన, కింద లూవర్లు (గాలి ఆడేలా ఏటవాలుగా పెట్టిన పలకలు) ఉన్న గది. అవి ఎప్పుడూ మూయం, గాలివాన రోజు తప్ప. తెరిచే చోటల్లా లోపలివైపు జాలీ ఉంది. నెలకోసారి పట్టాలు, ఫ్రేములు మంచినీళ్లతో కడుగుతాను. బద్ధకిస్తే రెండు నెలలు. కుండీలు మాత్రం సగానికి తగ్గించాను, మొక్కలు కూడా తేమ వదులుతాయని తర్వాత అర్థమైంది. బట్టలు అక్కడ ఆరేయనివ్వను, ఈ విషయంలో ఇంట్లో రోజూ యుద్ధమే.

ఉప్పుగాలి:
ఎప్పుడూ మూయని అద్దాల గది అంటే అది వరండాయే కదండీ! పేరు మార్చారంతే :)

మొక్కల_పిచ్చి:
జల్లు పడని వరండా. తేడా లేదా మరి?

తాపీ_చెయ్యి:
అందరూ గోడల గురించే మాట్లాడుతున్నారు. నేను కిందా పైనా చూడమంటాను.

వరండా గచ్చు కింద సాధారణంగా తేమ నిరోధక పొర వేయరు, బయట భాగమే కదా అని. తెరిచి ఉన్నంతకాలం నేలలోంచి ఊరిన చెమ్మ గాలికి ఆరిపోతుంది, ఎవరికీ కనిపించదు. చుట్టూ మూసి, పైన మంచి టైల్స్ వేశాక ఆ చెమ్మ కీళ్లలోంచి తెల్లగా పొంగుతుంది. ఖర్చు లేని పరీక్ష ఉంది. 18 అంగుళాల చదరపు ప్లాస్టిక్ షీటు గచ్చు మీద పరిచి, నాలుగు అంచులూ టేపుతో గాలి పోకుండా అంటించండి. కనీసం 16 గంటలు వదిలేయండి. తీసినప్పుడు అడుగున నీటి చుక్కలున్నా, గచ్చు నల్లబడినా ముందు దాని సంగతి చూడాలి. ఎండ నేరుగా పడే చోట చేయకండి, లెక్క తప్పుతుంది.

పైకప్పు పాత గోడని కలిసే చోట సిలికాన్ పూసి వదిలేస్తారు. అది ఎన్నాళ్లో ఆగదు. గోడలో గాడి కోసి, రేకు లోపలికి దోపి, కిందికి మడవాలి. పాలీకార్బొనేట్ షీటు అయితే మరీ జాగ్రత్త. 3 మీటర్ల షీటు 40 డిగ్రీల తేడాకి దాదాపు 8 మిల్లీమీటర్లు సాగుతుంది. స్క్రూ కంత బిగుతుగా ఉంటే అక్కడే పగులుతుంది.

గాలివాన మాట కూడా గుర్తుంచుకోండి. మూసిన గదికి ఒక అద్దం పగిలిందంటే గాలి లోపల దూరి కప్పుని పైకి తంతుంది. కప్పుని కిందికి పట్టి ఉంచే బోల్టులు ఎన్ని ఉన్నాయో అడిగారా ఎవరైనా?

కొత్తిల్లు:
జాలీ వేయించుకుంటే ఈ గొడవలేవీ ఉండవు కదా?

ఉప్పుగాలి:
జాలీ కూడా అమృతమేం కాదు. జల్లు సగం లోపలికి వస్తుంది. సన్న జాలీ అయితే ఉప్పు పట్టి నెల తిరిగేసరికి గాలే ఆడదు, గొట్టంతో కడగాలి. అల్యూమినియం జాలీ కంతలు పడుతుంది, ఫైబర్‌గ్లాస్ నయం. అయినా నా ఓటు దానికే, చూరు రెండడుగులు పొడిగించి.

చూరుకింద:
అందరికీ థాంక్స్. తాపీ గారు చెప్పిన ప్లాస్టిక్ పరీక్ష నిన్న సాయంత్రం పెట్టి ఇవాళ మధ్యాహ్నం తీశాను. షీటు లోపలంతా ముత్యాల్లా చుక్కలు. చేత్తో రాస్తే ధార కట్టింది. పనిలో పనిగా ఒక బకెట్ నీళ్లు గచ్చు మీద పోసి చూశాను. సగం బయటికి పోయాయి, మిగతా సగం మెల్లగా వచ్చి ఇంటి గుమ్మం దగ్గర నిలబడ్డాయి. పదేళ్లుగా ఆ గుమ్మం చెక్క ఎందుకు ఉబ్బుతోందో ఇప్పుడు తెలిసింది.

కాబట్టి ముందు గచ్చు తీయించి, పొర వేసి, వాలు సరిచేయిస్తాం. ఆ తర్వాత జల్లు ఎక్కువ కొట్టే వైపు మాత్రం తెరుచుకునే అద్దాలు, మిగతా రెండు వైపులా జాలీ అనుకుంటున్నాం. ఇంట్లో ఇంకా పూర్తిగా ఒప్పుకోలేదు.

కిటికీల_పని:
గచ్చు పగలగొట్టేటప్పుడు ఫోటోలు పెట్టండి. స్క్రూలు 316 అని బిల్లు మీద రాయించుకోండి. మూడు వైపులా అద్దాలే మంచిదన్న నా మాట మాత్రం మారలేదు.

ఉప్పుగాలి:
మారుతుంది. మా ఇంటికి ఒక వానాకాలం రండి.